తుపాకీ లేని ఆటలో ఏం చేయాలి? ‘ఫైర్‌వాచ్’ మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో ‘ఫైర్‌వాచ్’ అనే వీడియో గేమ్ గురించి నాలుగు ముక్కలు రాస్తే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. కొందరు మెచ్చుకున్నారు, కొందరు డబ్బులు దండగ అన్నారు, ఒకాయనైతే ‘మీరు ముసలాళ్ళయిపోయారు సార్, అందుకే నడకలు నచ్చుతున్నాయి’ అని తేల్చేశారు. ఆ ఆట తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. 1989 వేసవి, అమెరికాలో వయోమింగ్ రాష్ట్రం, షోషోన్ అడవి. హెన్రీ అనే నడివయసు మనిషి అడవిలో మంటలు కనిపెట్టే కాపలా ఉద్యోగంలో చేరతాడు. ఆయనకి కొండ మీద ఒక చెక్క టవర్, చేతిలో వాకీటాకీ ఇస్తారు. దూరంగా ఇంకో కొండ మీది టవర్‌లో డెలీలా అనే పై అధికారి ఉంటుంది, ఆమె గొంతు వినపడుతుందే తప్ప మనిషి కనపడదు. మనం హెన్రీ కళ్ళతో చూస్తూ అడవంతా తిరుగుతాం. శాన్ ఫ్రాన్సిస్కోలో కాంపో సాంటో అనే చిన్న బృందం చేసిన ఆట ఇది, 2016 ఫిబ్రవరిలో వచ్చింది. కథ ముగింపు బయటపెట్టే జవాబు ఒకటుంది, దాని ముందు హెచ్చరిక పెట్టాను, ఆడాలనుకునేవాళ్ళు దాన్ని దాటేయండి.

ప్రశ్న: అన్నా, ఫ్రెండ్స్ చెప్పారని సేల్‌లో కొన్నా. గంట నుంచి నడుస్తూనే ఉన్నా. కాల్చేది లేదు, దూకేది లేదు, చచ్చేది లేదు. ఇది గేమ్ ఎలా అవుతుంది? ఇంతోటి దానికి యూట్యూబ్‌లో చూస్తే సరిపోయేది కదా?
— ఇంజనీరింగ్ విద్యార్థి, గుంటూరు

జవాబు: యూట్యూబ్‌లో చూస్తే కథ తెలుస్తుంది తమ్ముడూ, దారి మాత్రం తెలియదు. ఈ ఆటలో నేల మీద బాణం గుర్తులు ఉండవు, స్క్రీన్ మూల ఎటు వెళ్ళాలో చెప్పే చుక్క ఉండదు. హెన్రీ ఒక చేత్తో మ్యాపు, ఇంకో చేత్తో దిక్సూచి పట్టుకుంటాడు, వాగు ఎటుంది, మన టవర్ ఎటుంది అని నువ్వే చూసుకోవాలి. మొదటిరోజు చికాకేస్తుంది, కాదనను. కానీ కథలో వారాలు గడిచేకొద్దీ మ్యాపు తీయడం తగ్గిపోతుంది, ‘ఆ పడిపోయిన చెట్టు దాటాక ఎడమకి’ అని నీకే తెలిసిపోతుంది, అంటే హెన్రీకి ఆ అడవి ఎంత అలవాటైందో నీకూ అంతే అలవాటవుతుంది. ఈ అలవాటు కోసమే అంత నడిపించారని నా అభిప్రాయం. ఇంకొకడు ఆడుతుంటే పక్కన కూర్చుని చూస్తే అది రాదు.

రెండోది రేడియో. డెలీలా ఏదో అడుగుతుంది, రెండు మూడు జవాబులు తెర మీద వస్తాయి, వాటికి కొద్ది క్షణాలే గడువు. ఏదీ నొక్కకుండా ఊరుకుంటే హెన్రీ నోరు మెదపలేదని లెక్క, ఆమె దానికీ స్పందిస్తుంది. భార్య సంగతి అడిగినప్పుడు చెప్పాలా, దాటేయాలా అని నీ వేలు ఆగుతుంది చూడు, అక్కడ ఆట ఉంది. హెన్రీకి గొంతు ఇచ్చింది రిచ్ సోమర్, డెలీలాకి సిసీ జోన్స్. ఈ పాత్రకే ఆమెకి 2017లో బ్రిటన్‌వాళ్ళు ఇచ్చే బాఫ్టా నటనా పురస్కారం వచ్చింది. మొహమే కనిపించని పాత్రకి!

ఇలాంటివాటికి ‘వాకింగ్ సిమ్యులేటర్’, అంటే ఉత్త నడక ఆట, అని మొదట వెక్కిరింపుగానే పేరు పెట్టారు, ఇప్పుడు అమ్మేవాళ్ళే ఆ ట్యాగ్ పెట్టుకుంటున్నారు. మూలం చూస్తే ఇంకా తమాషా. 2008లో బ్రిటన్‌లో డాన్ పించ్‌బెక్ బృందం ‘హాఫ్ లైఫ్ 2’ అనే పక్కా కాల్పుల ఆట ఇంజిన్‌నే (ఆటని నడిపించే సాఫ్ట్‌వేర్‌ని) తీసుకుని, తుపాకులు పీకేసి, నిర్మానుష్యమైన ఒక స్కాట్లాండ్ ద్వీపం మీద నడక, మధ్యమధ్యలో ఒక గొంతు చదివే ఉత్తరం ముక్కలు, ఇంతే ఉంచి ‘డియర్ ఎస్తర్’ అని ఉచితంగా వదిలింది. 2012లో దాన్నే మెరుగులు దిద్ది అమ్మకానికి పెట్టారు, జనం కొన్నారు.

ఇన్ని చెప్పినా నీకు విసుగే వస్తే మాత్రం బలవంతంగా ఆడకు. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో కొని ఉంటే, కొన్న 14 రోజుల లోపు, 2 గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. ఇంకా గంట టైముంది నీకు.

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్ళు. తుపాకులు లేని గేమ్ అని మీరు రాశారు కాబట్టి కొనివ్వమంటున్నాడు. కొనివ్వచ్చా అండీ?
— ఒక తల్లి, హన్మకొండ

జవాబు: వద్దమ్మా, ఇంకా రెండు మూడేళ్ళు ఆగండి. రక్తపాతం లేదన్న మాట నిజమే గానీ, బూతులు ధారాళంగా ఉంటాయి, తాగుడు ఉంటుంది, చెరువులో దుస్తులు లేకుండా ఈదే అమ్మాయిలు దూరం నుంచి కనిపిస్తారు. అమెరికాలో దీనికి 17 దాటినవాళ్ళకే అని రేటింగ్ ఇచ్చారు. నాకైతే బూతుల కంటే పెద్ద కారణం ఇంకోటి కనిపిస్తుంది, హెన్రీలా పెళ్ళై పదేళ్ళు కాపురం చేసినవాడి బాధ 14 ఏళ్ళవాడికి పట్టదు, పాపం వాడికి బోర్ కొట్టి మిమ్మల్నీ నన్నూ కలిపి తిడతాడు.

ప్రశ్న: ఆడిన పావుగంటకే కళ్ళు తిరిగి వాంతి వచ్చినంత పనైంది. మా పిల్లలు గంటల తరబడి ఆడతారు, వాళ్ళకేం కాదు. వయసు ప్రభావమా?
— కాలేజీ లెక్చరర్, కాకినాడ

జవాబు: వయసుదే తప్పు అనుకోకండి మాస్టారూ, కుర్రాళ్ళలోనూ చాలామందికి ఉంటుంది. కళ్ళేమో నడుస్తున్నాం అంటాయి, లోపలి చెవి ఏమో కుర్చీలో కూర్చున్నాం అంటుంది, ఈ రెంటికీ పొంతన కుదరక మెదడు తికమక పడి కడుపులో తిప్పుతుంది. ఘాట్ రోడ్డులో బస్సెక్కితే వచ్చేదే, కాకపోతే తిరగేసి. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ‘ఫీల్డ్ ఆఫ్ వ్యూ’ (తెర మీద ఎంత వెడల్పు కనిపించాలన్నది) ఉంటే పెంచండి, చూపు మరీ ఇరుకుగా ఉన్నప్పుడే ఎక్కువ తిప్పుతుంది. ‘హెడ్ బాబ్’ (నడిచేటప్పుడు తెర ఊగడం), ‘మోషన్ బ్లర్’ (తిరిగేటప్పుడు బొమ్మ మసకబారడం) అన్నవి కనిపిస్తే తీసేయండి. గదిలో లైటు వేసి, స్క్రీన్‌కి కాస్త వెనక్కి జరిగి కూర్చోండి, మౌస్ వేగం తగ్గించండి. తిప్పుతోందనిపించిన వెంటనే ఆపేయడం ముఖ్యం, కాసేపు ఓర్చుకుంటే అదే సర్దుకుంటుంది అనుకుంటే సాయంత్రం దాకా తలనొప్పి వదలదు. ఇవన్నీ చేసినా తగ్గకపోతే ఈ రకం ఆటలు మీ ఒంటికి పడవనుకుని వదిలేయడమే.

ప్రశ్న: సార్, మాది నల్లమల అంచు. టవర్ మీద కూర్చుని మంట కోసం చూడటమే ఉద్యోగం అంటే నమ్మబుద్ధి కాలేదు. అలాంటి ఉద్యోగం నిజంగా ఉందా, గేమ్ కోసం కల్పించారా?
— ఒక పాఠకుడు, ఆత్మకూరు

జవాబు: నిజంగానే ఉందండీ, అక్కడ దానికి వందేళ్ళకు పైబడ్డ చరిత్ర కూడా ఉంది. 1910 ఆగస్టులో ఇడాహో, మోంటానా అడవుల్లో పెనుగాలికి మంటలన్నీ ఒక్కటై రెండు రోజుల్లో దాదాపు 30 లక్షల ఎకరాలు కాల్చేశాయి, పదులకొద్దీ మనుషులు చనిపోయారు. అప్పటికి అమెరికా అటవీ శాఖ పుట్టి ఐదేళ్ళే. మంట చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవాలని ఆ తర్వాత కొండకొండకీ టవర్లు కట్టడం మొదలుపెట్టారు. విమానాలు, కెమెరాలు, శాటిలైట్లు వచ్చాక చాలావరకు మూతపడ్డాయి గానీ, కొన్నిచోట్ల ఇప్పటికీ వేసవిలో మనుషులు కూర్చుంటారు.

హెన్రీ టవర్‌లో గుండ్రటి బల్లలాంటిది ఒకటి కనిపిస్తుంది చూడండి, దాన్ని ఆస్‌బోర్న్ ఫైర్ ఫైండర్ అంటారు. చుట్టూ డిగ్రీలు గీసిన ఇనుప చక్రం, మధ్యలో ఆ ప్రాంతం మ్యాపు, గురి చూసుకోవడానికి రెండు చిన్న ఫ్రేములు. పొగ కనపడితే దానికేసి గురిపెట్టి, ఎన్ని డిగ్రీలో చదివి రేడియోలో చెప్తారు. ఒక్క టవర్ చెప్తే దిక్కే తెలుస్తుంది, రెండు టవర్లు చెప్పిన గీతలు ఎక్కడ కలుసుకుంటే అక్కడ మంట ఉన్నట్టు. చూశారా, ఆ పని చేయాలంటే ఇద్దరుండాలి, ఒకరికొకరు కనపడనంత దూరంలో ఉండాలి, రేడియోలో మాట్లాడుకోవాలి. హెన్రీకీ డెలీలాకీ మధ్య నడిచే కథంతా ఆ ఏర్పాటులోంచే పుట్టినట్టుంది నాకు.

కథాకాలం 1989 కావడం కూడా ఊరికే జరిగింది కాదనుకుంటా. అంతకుముందు ఏడాది, 1988లో, షోషోన్‌ని ఆనుకునే ఉన్న యెల్లోస్టోన్ జాతీయ పార్కులో మూడో వంతుకు పైగా మంటలు పాకాయి. ఆ మరుసటి వేసవిలో కాపలాకి వెళ్ళినవాడికి ఏ చిన్న పొగ కనిపించినా టెన్షనే కదా.

మీ వైపు సంగతి మీకే బాగా తెలుసు. ఆకు రాలే కాలంలో మంట దాటకుండా ఫైర్‌లైన్లు కొట్టడం, చెంచుపెంటల (చెంచుల గూడేల) నుంచి మనుషుల్ని వాచర్లుగా తీసుకోవడం. ఆ వాచర్లలో ఎవరైనా ఈ ఆట చూస్తే ఏమంటారో తెలుసుకోవాలని ఉంది, రాసి పంపండి.

ప్రశ్న: మా అత్తగారికి మూడేళ్ళుగా అల్జీమర్స్. హైదరాబాద్‌లో మా ఆడపడుచు చూసుకుంటోంది, మేం ఇక్కడ. మీ వ్యాసం చదివి మావారు ఈ గేమ్ కొన్నారు. అందులో మతిమరుపు జబ్బు ఉంటుందని ఎవరో చెప్పారు. ఆయన్ని ఆడనివ్వమంటారా?
— ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: మంచిపని చేశారమ్మా, ముందే అడిగారు. ఈ సంగతి పోయిన వ్యాసంలోనే రాసి ఉంటే బావుండేది.

అడవి కనిపించకముందే, నల్ల తెర మీద అక్షరాలతో ఆట మొదలవుతుంది. హెన్రీ ఒక బార్‌లో జూలియాని కలుస్తాడు, పెళ్ళవుతుంది, ఏ కుక్కని పెంచుకోవాలి అని ఆట మిమ్మల్నే అడుగుతుంది, నవ్వుతూ నొక్కుతారు. అలా నొక్కుతుండగానే, పాఠాలు చెప్పే జూలియా తరగతిలో పాఠం మర్చిపోవడం మొదలవుతుంది. చిన్న వయసులోనే వచ్చే డిమెన్షియా. ఇంట్లో పెట్టుకుని చూసుకుంటావా, సంరక్షణ కేంద్రంలో చేరుస్తావా అని ఆట మళ్ళీ మిమ్మల్నే అడుగుతుంది. ఏది నొక్కినా తప్పు చేసినట్టే ఉంటుంది. చివరికి ఆమెని పుట్టింటివాళ్ళు ఆస్ట్రేలియా తీసుకెళ్ళిపోతారు, హెన్రీ ఆమె వెంట వెళ్ళకుండా అడవికి వస్తాడు. ఈ ముక్కలకి మధ్యమధ్యలోనే హెన్రీ బ్యాగు సర్దుకుని టవర్ దాకా నడవడం చూపిస్తారు, అంటే మీరే ఆయన్ని నడిపించి పారిపోయేలా చేస్తున్నారన్నమాట.

ఇదంతా మొదటి పది పదిహేను నిమిషాల్లోనే. ఆ తర్వాత జబ్బు దృశ్యాలు ఉండవు గానీ ఆ ఊసు మాత్రం చివరిదాకా వస్తూనే ఉంటుంది. తల్లి దూరంగా ఉంది, దగ్గర మనం లేం అనే బాధలో ఉన్నవాళ్ళకి ఇది సూటిగా గుచ్చుతుంది. ఆయన్ని ఆడనివ్వాలా వద్దా అనేది మీరు నిర్ణయించకండి, నేనూ నిర్ణయించను, ఈ పేరా ఆయనకి చూపించండి చాలు. కొందరికి ఇలాంటిది చూశాక మాట పెగులుతుంది, కొందరు వారం రోజులు ముభావంగా అయిపోతారు, ఆయన ఏ రకమో మీకే తెలుసు. ఆడేట్టయితే మాత్రం ఆ మొదటి భాగం పక్కనే కూర్చోండి. హైదరాబాద్‌కి ఫోన్ చేసే టైముకి ముందు వద్దు.

ప్రశ్న: నా పాత ల్యాప్‌టాప్‌లో ఆడుతుందా? అమెరికన్ ఇంగ్లిష్ స్పీడ్‌గా మాట్లాడితే నాకు అర్థం కాదు, తెలుగు సబ్‌టైటిల్స్ ఉన్నాయా?
— డిగ్రీ విద్యార్థిని, నిజామాబాద్

జవాబు: తెలుగు లేదమ్మా. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకో. జవాబు చెప్పే గడువు దాటిపోతే కంగారుపడకు, ఓడిపోవడం అంటూ ఏమీ లేదు, హెన్రీ కాస్త ముభావి అనుకుంటారు అంతే. ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు విడిగా లేకపోతే ఆ అడవి మోయడం కష్టం, పైన చెప్పిన 2 గంటల రీఫండ్ లోపే తేల్చుకో.

ప్రశ్న: (ఆడనివాళ్ళు ఈ ప్రశ్న, జవాబు రెండూ దాటేయండి. ముగింపు ఉంది.) ముగింపు పచ్చి మోసం! ప్రభుత్వం ఏదో రహస్య ప్రయోగం చేస్తోందని మూడు గంటలు ఊదరగొట్టి, చివరికి ఏమీ లేదంటారా? ఆ డెలీలా మొహం కూడా చూపించలేదు. మీకెలా నచ్చింది?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మీ కోపం న్యాయమే, ఎందుకంటే ఆ కోపం రావాలనే అలా రాశారు. కంచె వేసిన పరిశోధన శిబిరం, అందులో హెన్రీ, డెలీలాల మాటలన్నీ టైపు చేసిన కాగితాలు, ఎవరో వెనకాలే తిరుగుతున్న అనుమానం. ఇవన్నీ చూసి మనం పెద్ద కుట్ర ఊహించుకుంటాం. తీరా చూస్తే అక్కడ జరిగేది కణుజుల్లాంటి జంతువుల మీద మామూలు పరిశోధన, మిగతాదంతా నెడ్ గుడ్‌విన్ అనే ఒక్క మనిషి ఆడిన నాటకం. పాత కాపలాదారు. కొడుకు బ్రయన్‌ని రూల్సుకి విరుద్ధంగా అడవికి తెచ్చుకున్నాడు, కొండలెక్కడం నేర్పిస్తుంటే పిల్లాడు గుహలో పడి చనిపోయాడు, ఆ మాట లోకానికి చెప్పలేక తండ్రి అడవిలోనే దాక్కున్నాడు.

ఇప్పుడు ముగ్గుర్నీ పక్కపక్కన పెట్టి చూడండి. నెడ్ కొడుకు చావు నుంచి పారిపోయాడు. హెన్రీ భార్య జబ్బు నుంచి పారిపోయాడు. డెలీలాకి ఆ పిల్లాడు అక్కడున్నాడని తెలుసు, తెలిసీ పైకి చెప్పలేదు, ఇప్పుడు ఆ సంగతి మింగలేక కక్కలేక హెన్రీ వచ్చేలోపే హెలికాప్టర్ ఎక్కేసింది. కుట్ర నిజమైతే హెన్రీకి ఎంత హాయిగా ఉండేదో ఆలోచించండి, తన ఇంటి సంగతి తలచుకోవాల్సిన పనే ఉండేది కాదు. మనకీ అంతే, జూలియా గురించి మర్చిపోయి ఆ కాగితాల వెంట పరిగెత్తలేదూ? ఖాళీ టవర్‌లో నిలబడి రేడియోలో వీడ్కోలు చెప్పుకోవాల్సి రావడం నాకు సరైన శిక్షలాగే అనిపించింది. మొహం చూపించి ఉంటే అది ప్రేమకథ అయిపోయేది.

అలాగని లోపాలు లేవని కాదు. తప్పిపోయిన ఇద్దరమ్మాయిల సంగతి అంత పెంచి, ఎక్కడో దొరికారట అని ఒక్క మాటతో తేల్చేయడం నాకు మింగుడు పడలేదు. నెడ్ అసలు గుట్టు క్యాసెట్‌లో గబగబా చెప్పించేశారు, అది మనం వెతికి కనుక్కోవాల్సింది. ఇంత నడిపించినవాళ్ళు అక్కడ మాత్రం పరిగెత్తించారు.

ప్రశ్న: ఫైర్‌వాచ్ అయిపోయింది, మనసంతా అదోలా ఉంది. తర్వాత ఏం ఆడమంటారు?
— బ్యాంకు ఉద్యోగిని, విశాఖపట్నం

జవాబు: ‘వాట్ రిమైన్స్ ఆఫ్ ఎడిత్ ఫించ్’, ఇంకేం ఆలోచించకండి. 2017లో వచ్చింది, మరుసటి ఏడాది బాఫ్టాలో ఉత్తమ ఆట పురస్కారం దానిదే. వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక దీవి మీద, గది మీద గది పేర్చుకుంటూ పోయిన వింత ఇల్లు. ఆ వంశంలో ఒక్కొక్కరు ఎలా చనిపోయారో ఒక్కో గదిలో ఒక్కో రకం ఆటగా చెప్తారు. అందులో లూయిస్ అనే కుర్రాడి ఘట్టం ఉంది, చేపల ఫ్యాక్టరీలో పని. ఒక చేత్తో చేపని జరిపి తల నరుకుతూ ఉండాలి, రెండో చేత్తో అతని ఊహలోని రాజ్యంలో నడుస్తూ ఉండాలి. మొదట ఊహ తెరలో మూలన చిన్నగా ఉంటుంది, పోనుపోనూ పెరిగి ఫ్యాక్టరీని కప్పేస్తుంది, మీ కుడిచేయి మాత్రం చూడకుండానే చేపలు నరుకుతూనే ఉంటుంది. రోజూ ఒకే పని చేసే మనిషి బుర్రలో ఏం జరుగుతుందో ఇంత బాగా చెప్పినది ఏ మాధ్యమంలోనూ నేను చూడలేదు. ఒక్క హెచ్చరిక, ఇంట్లో పసిపాప ఉంటే ఇప్పుడే వద్దు, కారణం ఆడితే తెలుస్తుంది.

అది మరీ బరువనుకుంటే 2013 నాటి ‘గాన్ హోమ్’. యూరప్ తిరిగొచ్చిన అమ్మాయి అర్ధరాత్రి వానలో ఇంటికొస్తే ఇంట్లో ఎవరూ ఉండరు. దెయ్యాల కథలా భయపెడుతుంది గానీ దెయ్యాలుండవు, ధైర్యంగా డ్రాయర్లన్నీ లాగి చూడండి. ‘డియర్ ఎస్తర్’ మాత్రం నిద్ర రాని రాత్రికి దాచుకోండి, అందం సరే గానీ నాకు సగంలో ఆవలింతలొచ్చాయి.

ప్రశ్న: మేం ఇద్దరం ఫ్రెండ్స్ యూనిటీ (గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) నేర్చుకుంటున్నాం. తెలుగులో ఇలాంటి గేమ్ ఒకటి చేయాలని ఉంది. డబ్బు లేదు, టీమ్ లేదు. అయ్యే పనేనా?
— తిరుపతి నుంచి ఇద్దరు

జవాబు: అయ్యే పనే, ఈ రకం ఆట పుట్టుక వెనకే డబ్బు లేకపోవడం ఉంది. ‘గాన్ హోమ్’ చేసినవాళ్ళు అమెరికాలో పోర్ట్‌లాండ్‌లో ఒక ఇల్లు అద్దెకి తీసుకుని, పైన కాపురం, కింద సెల్లార్‌లో పని పెట్టుకున్న గుప్పెడుమంది. కంప్యూటర్‌లో మనిషి మొహాన్ని నమ్మేలా కదిలించడం చాలా ఖర్చు, అందుకే మనుషులే లేని ఇల్లు. కథా కాలం 1995 అన్నారు, అంటే అప్పటికి అందరి చేతుల్లో సెల్‌ఫోన్లు లేవు, ఉత్తరాలు, చీటీలు, క్యాసెట్లు ఇంటినిండా ఉంటాయి, కథంతా వాటిలోంచే. ఫైర్‌వాచ్‌దీ అదే కిటుకు, డెలీలా రేడియోలో గొంతు మాత్రమే. వాళ్ళూ మీరు నేర్చుకుంటున్న యూనిటీలోనే చేశారు.

కాబట్టి ఊరు మొత్తం కట్టే ఆలోచన పెట్టుకోకండి. ఒక్క చోటు, ఇంకా వీలైతే ఒక్క ఇల్లు. నన్నడిగితే శ్రీశైలం జలాశయం వైపు చూడమంటాను. ప్రాజెక్టు కింద ఎన్నో ఊళ్ళు మునిగాయి, సంగమేశ్వరం గుడి ఏడాదిలో ఎక్కువ భాగం నీళ్ళలోనే ఉండి ఎండాకాలంలో నీటిమట్టం తగ్గాక బయటపడుతుంది. నీళ్ళు తగ్గిన కొన్ని వారాల కోసం తన పాత ఊరికి వచ్చిన మనిషి, అక్కడ మిగిలిన గోడలు, మెట్లు, చేతిలో తాత రాసిపెట్టిన నష్టపరిహారం కాగితాలు. తెలుగు ఆటకి ఇంతకంటే ఏం కావాలి? మనుషుల్ని చూపించక్కర్లేదు, ఎందుకు లేరో ఎవరికీ చెప్పనూ అక్కర్లేదు.

ఒక్క విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. గొంతులు. బొమ్మలు కాస్త మొరటుగా ఉన్నా జనం సర్దుకుంటారు, డబ్బింగ్ సినిమా తెలుగు వినిపిస్తే మొదటి నిమిషంలోనే ఆపేస్తారు. కర్నూలు వైపు కథైతే ఆ వైపు మాట్లాడేవాళ్ళనే, నాటకాల్లో వేసినవాళ్ళుంటే మరీ మంచిది, పిలిచి మైకు ముందు కూర్చోబెట్టండి. రాసిన డైలాగు వాళ్ళ నోట్లో తిరగకపోతే డైలాగు మార్చండి. మొదటి పది నిమిషాల ఆట తయారయ్యాక మాకు పంపండి, ఈ శీర్షిక పాఠకుల్లో ఆడి తిట్టడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నారని ఈ నెల ఉత్తరాలు చూశాక అర్థమైంది.